బడికీ దవాఖానాకూ మధ్య

(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఆపా, ఈసారి పిల్లల మానసిక ఆరోగ్యం మీద మాట్లాడండి. అది బడి చూసుకోవాలా, దవాఖానా చూసుకోవాలా తేల్చి చెప్పండి" అన్నారు. తేల్చి చెప్పడం నాకు అలవాటే. ఇన్నేళ్లు నల్లబల్ల ముందు నిలబడ్డ మనిషికి "నాకు తెలియదు" అనడమే కష్టం. కానీ ఈ ప్రశ్న దగ్గర నేను ఒకసారి బాగా తప్పాను. ముందు ఆ తప్పు చెప్తాను. తర్వాత మీ డబ్బు సంగతి మాట్లాడతాను. దాతల సభలో డబ్బు మాట ఎత్తకుండా దిగిపోతే మీకే అనుమానం వస్తుంది.

కొన్నేళ్ల కిందటి ముచ్చట. అప్పుడు నేను వేరే బడిలో సోషల్ చెప్పేదాన్ని. తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి. పేరు చెప్పను, ఊరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. తల్లిని అడిగే ఈ మాట మీ ముందు పెడుతున్నాను. తండ్రి లారీ మీద పోతాడు, తల్లి ఇంట్లో కుట్టు మిషన్ తొక్కుతుంది. వాడికి మ్యాపులంటే ప్రాణం. గోదావరి గీయమంటే ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కూడా గీసి, నీలి పెన్సిల్‌తో దిద్ది తెచ్చేవాడు.

దసరా సెలవులు అయ్యాక వాడు మారాడు. హోంవర్క్ లేదు. మధ్యాహ్న భోజనం దగ్గర ఒంటరిగా కూర్చునేవాడు, సగం అన్నం వదిలేసేవాడు. పాఠం మధ్యలో నిద్రపోయేవాడు. మ్యాపు ఇస్తే తెల్ల కాగితం తిరిగి ఇచ్చాడు.

నేను ఇదంతా చూశాను. చూడలేదని తప్పించుకునే దారి నాకు లేదు. రోజుకు ఆరేడు గంటలు కళ్ల ముందు ఉండే పిల్లవాడి ముఖం మారితే టీచర్‌కు తెలుస్తుంది.

చూసి ఏం చేశాను? నాకు తెలిసింది చేశాను. స్టాఫ్ రూమ్‌కు పిలిచి, అబ్దుల్ కలాం చిన్నప్పుడు పేపర్లు వేసి చదువుకున్నాడు, నీకేం తక్కువ అని పావుగంట చెప్పాను. వాడు తల వంచుకుని విన్నాడు. వారం చూసి తండ్రిని పిలిపించాను. ఆయన డ్యూటీ మానుకుని వచ్చాడు, పదిమంది టీచర్ల మధ్య నిలబడ్డాడు, సిగ్గుతో ముఖం ఎర్రబడింది, అక్కడే కొడుకును చెంప మీద కొట్టాడు. వాడు ఏడవలేదు. ఏడవకపోవడం చూసి నేను "మొండివాడు" అనుకున్నాను.

రెండు వారాల తర్వాత ఆ పిల్లవాడు ప్రాణం తీసుకోబోయాడు. అల్హందులిల్లాహ్, బతికాడు.

దవాఖానాకు తీసుకుపోతుంటే చుట్టాల్లో ఒక పెద్దాయన, "పోలీసు కేసు అయితది, కడుపునొప్పి అని చెప్పుండ్రి" అన్నాడట. అందరూ అదే చెప్పారు. అక్కడి వాళ్లు ఒంటికి చేయాల్సిన వైద్యం చేశారు, మూడు రోజులకు ఇంటికి పంపారు. మందుల చీటీలో గ్యాస్ గోలీలు, బలానికి విటమిన్లు. వాడి పక్కన స్టూలు వేసుకుని నేనూ ఓ సాయంత్రం కూర్చున్నాను. డాక్టర్ వచ్చి ఏమైందని అడిగినప్పుడు నేనూ నోరు విప్పలేదు. బీఈడీలో సైకాలజీ పేపర్ రాసి పాసైన దాన్ని. పావ్‌లోవ్ కుక్క సంగతి, థార్న్‌డైక్ పిల్లి సంగతి ఇప్పటికీ అప్పజెప్పగలను. రెండో బెంచీలో పిల్లవాడు మాట్లాడటం మానేస్తే ఏం చేయాలో మాత్రం ఆ పేపర్‌లో ఎక్కడా లేదు.

వాడు బడికి వచ్చాక, "కడుపునొప్పి తగ్గిందా?" అని అడిగాను. "తగ్గింది మేడం" అన్నాడు. అది కడుపునొప్పి కాదని ఇద్దరికీ తెలుసు. వాడు పదో తరగతి పరీక్ష రాయలేదు.

ఇప్పుడు కార్యదర్శి గారి ప్రశ్నకు వస్తాను. బడి చూసింది, కానీ అర్థం చేసుకోలేదు. దవాఖానాకు అర్థం చేసుకునే అవకాశం ఉంది, దానికి నిజం చెప్పినవాళ్లు లేరు. ఈ రెండింటి మధ్య పిల్లవాడు జారిపోయాడు.

పోలీసు భయం గురించి ఒక్క మాట. ఈ హాలులో చాలామందికి ఇప్పటికీ ఆ భయం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లోనే అమల్లోకి వచ్చింది. దాంట్లో 115వ సెక్షన్ ఉంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, అతణ్ని శిక్షించకూడదు, అతనికి వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత అని అది చెప్తుంది. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరం చేసిన పాత 309 సెక్షనే లేదు. కాబట్టి డాక్టర్ దగ్గర దాచవద్దు. "కడుపునొప్పి" అని చెప్తే కడుపుకే మందు ఇస్తారు. జుమా రోజు నమాజు అయ్యాక ఈ ఒక్క ముక్క మసీదుల్లో చెప్పించమని ఇమాం సాహెబులను ఇక్కడి నుంచే కోరుతున్నాను.

ఇదంతా ఒక్క పిల్లవాడి కథ అనుకోవద్దు. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మన రాష్ట్రంలో 2019 ఏప్రిల్ ఎవరు మరిచిపోతారు? ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు పోయారు. అప్పుడే ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వేశారు. మళ్లీ చూస్తే 99 వచ్చాయి. ఆ అమ్మాయి నిలబడింది కాబట్టి 99 అని తెలిసింది.

బెంగళూరు నిమ్హాన్స్ వాళ్లు 2015–16లో చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. నలభై మంది ఉన్న తరగతిలో ముగ్గురు అన్నమాట. నేను హాజరు వేసేటప్పుడు ఈ మధ్య ఆ ముగ్గురి కోసం చూస్తుంటాను. గోల చేసేవాళ్లలోనే వెతకకూడదని ఆలస్యంగా తెలుసుకున్నాను. ముఖ్యంగా ఆడపిల్లలు. అబ్బాయి మౌనంగా ఉంటే ఏమైందని అడుగుతాం. అమ్మాయి మౌనంగా ఉంటే షరీఫ్ లడ్కీ అని మెచ్చుకుంటాం.

2025 జూలై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. అది మన పక్కనే విశాఖపట్నంలో జరిగిన కేసు. నీట్ కోచింగ్ కోసం పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన పదిహేడేళ్ల అమ్మాయి 2023లో అక్కడ మరణించింది. దర్యాప్తు సరిగా లేదని తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టు దాకా పోయాడు. న్యాయమూర్తులు విక్రమ్ నాథ్, సందీప్ మెహతా దర్యాప్తును సీబీఐకి అప్పగించారు. అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చారు. చట్టం వచ్చేదాకా అవే చట్టంలాగా నడవాలన్నారు. వంద మంది, ఆపైన పిల్లలు ఉన్న ప్రతి సంస్థలో పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరు ఉండాలి. అంతకన్నా చిన్న బడి అయితే బయటి నిపుణులతో ఒప్పందం పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు పెద్ద అక్షరాల్లో కనపడేలా రాయాలి.

మన ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల సాగర్ రోడ్డు పొడుగునా బడులు, కాలేజీలు లెక్కపెట్టండి. వంద దాటని సంస్థ ఎక్కడో ఒకటి ఉంటుంది. కౌన్సెలర్ ఉన్న బడి చూపించండి. మా స్టాఫ్ రూమ్‌లో ఈ తీర్పు సంగతి చెప్తే ఒక సార్, "కౌన్సిలర్ బడికెందుకు మేడం, వార్డులో ఉన్నడు కదా" అన్నారు. నవ్వుకున్నాం. నవ్వాక చూస్తే, ఆ మాటకు మన భాషలో ఇంకా మునిసిపాలిటీ అర్థమే ఉంది.

"అయితే టీచర్లకే నేర్పండి, ఖర్చు తప్పుతుంది" అని మీలో కొందరికి తోచవచ్చు. సర్కారుకూ అదే తోచింది. ఆయుష్మాన్ భారత్ కింద 2020లో ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను, వీలైతే ఒక పురుషుణ్ని, ఒక స్త్రీని, ఆరోగ్య రాయబారులుగా పెట్టాలనే కార్యక్రమం మొదలుపెట్టారు. మంచిదే. కానీ మా చేతిలో ఇంకేం ఉన్నాయో కూడా చూడండి. మధ్యాహ్న భోజనం లెక్క, ఆన్‌లైన్ హాజరు, పాఠ్యపుస్తకాలు, యూనిఫాం కొలతలు, ఓటర్ల జాబితా. 2024 నవంబర్‌లో ఇంటింటి కుల సర్వే వస్తే ప్రాథమిక బడుల టీచర్లే తలుపులు తట్టారు. ఇది ఫిర్యాదు కాదు, నెలనెలా జీతం తీసుకుంటున్నాం.

పని భారం కన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. బిహార్‌లో నలందా జిల్లాలో ఒక పెద్ద ప్రయోగం చేశారు. పేరు 'సెహర్'. ఉర్దూ వచ్చినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెల్లవారుజాము. దాని ఫలితాలు 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. 74 సర్కారు హైస్కూళ్లు తీసుకున్నారు. కొన్నింట్లో శిక్షణ ఇచ్చిన మామూలు మనిషిని పెట్టారు. డాక్టర్ కాదు, టీచర్ కాదు, వినడమే పనిగా పెట్టుకున్న మనిషి. ఇంకొన్నింట్లో అదే కార్యక్రమాన్ని అక్కడి టీచర్‌తోనే చేయించారు. మిగిలిన బడులను ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. గోడ పత్రిక, పిల్లలు పేరు లేకుండా తమ గోడు రాసి వేసే పెట్టె, విడిగా కూర్చుని మాట్లాడటం, ఇవీ ఆ కార్యక్రమంలోని పనులు. ఏడాది తిరిగేసరికి ఆ వినే మనిషి ఉన్న బడుల్లో పిల్లల దిగులు తగ్గింది, ఒకరినొకరు ఏడిపించుకోవడం, కొట్టుకోవడం తగ్గాయి. టీచర్లు చేసిన బడుల్లో, ఏమీ చేయని బడులతో పోలిస్తే తేడా కనపడలేదు.

ఇది మొదటిసారి చదివినప్పుడు నాకు కోపం వచ్చింది. టీచర్ల మీద అపవాదు అనుకున్నాను. తర్వాత నా రెండో బెంచీ పిల్లవాడు గుర్తొచ్చాడు. వాడు నాకు ఎందుకు చెప్పలేదు? ఎందుకంటే నేను మార్కులు వేస్తాను. హాజరు తీసేస్తాను. తండ్రిని పిలిపిస్తాను. నాకు చెప్పింది సాయంత్రానికి స్టాఫ్ రూమ్ మొత్తానికి తెలుస్తుంది, రాత్రికి మొహల్లాకు తెలుస్తుంది. నాకు ఎంత మంచి శిక్షణ ఇచ్చినా నా చేతిలో ఆ ఎర్ర పెన్ను ఉంటుంది.

పోనీ దవాఖానాకే వదిలేద్దామా? మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడు కూడా లేడు. మన వైపు పేరున్న సర్కారు మానసిక వైద్యశాల ఎర్రగడ్డలో ఉంది. ఇక్కడి నుంచి ఎల్బీ నగర్ దాకా బస్సు, అక్కడ మియాపూర్ మెట్రో ఎక్కితే ఎర్రగడ్డలోనే దిగవచ్చు. సుమారు 40 కిలోమీటర్లు. 2023 డిసెంబర్ నుంచి తల్లికి ఆర్టీసీ బస్సు ఉచితం. కొడుక్కు టికెట్, ఇద్దరికీ మెట్రో, మధ్యాహ్నం తిండి. అవి పెద్ద ఖర్చు కాదు. ఆ రోజు కూలి పోతుంది. మొదటిసారి పోయిన రోజు ఓపీ లైన్‌లో నిలబడి, ఏ గదికి పోవాలో తెలియక, ఎవరైనా మనవాళ్లు చూస్తారేమోనని ముఖం తిప్పుకుని వచ్చేస్తారు. రెండోసారి పోరు. ఇంకా పెద్ద అడ్డంకి ఆ ఊరి పేరే. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే తిట్టు. "నిన్ను ఎర్రగడ్డల ఏస్తా" అని ఆడుకునే పిల్లలు కూడా అంటారు. ఆ తిట్టును ఆస్పత్రి చీటీగా కొడుకు చేతిలో పెట్టడానికి ఏ తల్లికి చేతులొస్తాయి?

నమ్మకం సంగతి కూడా ఉంది. 2022 ఆగస్టులో మన ఊళ్లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయించుకున్న 34 మందిలో నలుగురు తల్లులు పోయారు. ఆ తర్వాత ఎంతో కాలం మన ఆడవాళ్లు సూది మందుకు కూడా జంకారు. సర్కారు దవాఖానాలో చేసేవాళ్లు చాలామంది మంచివాళ్లే. అయినా ఇంట్లో భయం అంత తొందరగా పోదు.

కాబట్టి మనవాళ్లు ఎక్కడికి పోతారు? ఆమిల్ దగ్గరికి పోతారు. "అసర్ అయింది" అంటారు, తావీజు కట్టిస్తారు, దర్గాకు తీసుకుపోతారు. ఇది తగువు పెట్టుకునే వేదిక కాదు, దువా మీద నాకు నమ్మకం లేదని ఎవరూ అనుకోవద్దు. కానీ 2001 ఆగస్టు 6 మరిచిపోకూడదు. తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా చుట్టూ వెలసిన ప్రైవేటు ఆశ్రమాల్లో ఒకదానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేకపోయారు. 28 మంది పోయారు. ఇప్పటి చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. గుజరాత్‌లో ఉనావా ఊళ్లో మీరా దాతర్ దర్గా ఉంది. అక్కడ దర్గా ఆవరణలోనే మానసిక వైద్యులను కూర్చోబెట్టారు. దానికి 'దవా, దువా' అని పేరు పెట్టారు. ముజావర్లే, "దువా చేశాం, ఇప్పుడు ఆ గదిలో డాక్టర్‌ను కలువు" అని పంపిస్తారు. దర్గా ముజావర్ చెప్తే జనం పోతారు, ఎందుకంటే ఆయన తమ మనిషి. మనసు జబ్బుకు వైద్యం అనేది మనకు కొత్తగా పడమటి నుంచి వచ్చిందీ కాదు. క్రీస్తు శకం 934లో పోయిన అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం బాగుకూ మనసు బాగుకూ కలిపి పుస్తకం రాశాడు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియని దిగులు వేరు అని విడదీసి, రెండోదానికి ఒంటి వైద్యం కూడా కావాలన్నాడు. వెయ్యేళ్ల కిందట మన పెద్దలకు తెలిసిన సంగతి మనం మరిచిపోయాం.

ఇప్పుడు నా మాట. వినే మనిషి బడిలో ఉండాలి, కానీ ఆ మనిషి మార్కులు వేసే బడి మనిషి కాకూడదు. దవాఖానా తలుపు తెలిసి ఉండాలి, కానీ తెల్లకోటు వేసుకుని ఉండకూడదు. టీచర్ పని చూడటం, చూసి ఆ మనిషికి అప్పగించటం. డాక్టర్ పని జబ్బును తేల్చటం, మందు రాయటం. మధ్యలో ఆ మనిషి వినాలి, చాలామంది విషయంలో అదే సరిపోతుంది. సరిపోని వాళ్లను చేయి పట్టుకుని మొదటిసారి ఎర్రగడ్డ దాకా తీసుకుపోవాలి, లైన్‌లో పక్కన నిలబడాలి, రెండోసారి పోయారా లేదా చూసుకోవాలి.

సర్కారు పెట్టాల్సిన మనిషిని మనమెందుకు పెట్టాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మనం పెట్టేస్తే సర్కారు చేతులు దులుపుకుంటుందన్న భయం నాకూ ఉంది. అందుకే రెండేళ్లకే అడుగుతున్నాను. ఈ రెండేళ్లలో సంస్థ తరఫున ఆ సుప్రీంకోర్టు తీర్పు ప్రతి జతచేసి జిల్లా విద్యాధికారికి, కలెక్టర్ గారికి అర్జీలు పెడుతూ ఉండాలి. ఎంతమంది పిల్లలు వచ్చారో లెక్క చూపించి అడిగితే కాదనడం వాళ్లకు కష్టం. ఒట్టి అర్జీ అయితే ఫైల్లో పడుకుంటుంది.

ఖర్చు నా అంచనా చెప్తాను. సోషల్ వర్క్ చదివి, ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే ఒక మనిషికి నెలకు 25,000. ఏడాదికి 3 లక్షలు. మా ఊరి నాలుగు బడులకు వారంలో ఒక్కో రోజు, ఐదో రోజు ఇళ్లకూ దవాఖానాకూ. పిల్లల ప్రయాణం, తల్లి పోగొట్టుకున్న కూలి, మందులకు ఇంకో 60,000. ఇద్దరిని పెట్టగలిగితే ఒక ఆడమనిషి, ఒక మగమనిషి. ఒక్కరే అయితే ఆడమనిషిని పెట్టండి. మగపిల్లలు కూడా అమ్మలాంటి మనిషికి చెప్పుకుంటారని నా అనుభవం. మతం చూడకుండా బడిలోని పిల్లలందరికీ తలుపు తెరిచి ఉండాలి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరిని లోపలికి రానిచ్చి ఇంకొకరిని బయట నిలబెట్టలేం. ఇందులో జకాత్ సొమ్ము దేనికి వాడవచ్చు, జీతం సదఖా నుంచే ఇవ్వాలా అన్నది ఉలమాలు చెప్పాలి, అది నా పరిధి కాదు. అడిగి తేల్చుకోండి, కానీ ఆ చర్చ పేరుతో ఏడాది దాటనివ్వకండి.

ఇంకో షరతు ఉంది, ఇది మీకు నచ్చకపోవచ్చు. ఈ సావనీరు తిరగేస్తే ప్రతి పేజీలో ఫోటోలు ఉంటాయి. కుట్టు మిషన్ అందుకుంటున్న చెల్లెలు, స్కాలర్‌షిప్ చెక్కు పట్టుకున్న బాబు, పక్కన దాత నవ్వుతూ. తప్పు కాదు, నలుగురు చూసి ఇస్తారు. కానీ ఈ పనికి ఫోటో ఉండదు. పిల్లవాడి పేరు మీకు తెలియదు. ప్రెసిడెంట్ గారు అడిగినా, హెడ్మాస్టర్ అడిగినా, నేను అడిగినా ఆ మనిషి చెప్పకూడదు. ప్రాణం మీదికి వచ్చిన సందర్భం తప్ప. వచ్చే ఏడాది సావనీరులో మీ పేరు పక్కన ఒక అంకె మాత్రమే ఉంటుంది. ఆ అంకె కింద ఎవరున్నారో తెలియకుండా 3 లక్షల 60 వేలు ఇవ్వగలరా అన్నదే నేను మిమ్మల్ని అడుగుతున్నది.

ఈలోగా ఒక నంబరు రాసుకోండి. 14416. టెలీ మానస్ అంటారు. 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. మా బడిలో నీళ్ల ట్యాంకు పక్కన, పిల్లలు నీళ్లు తాగేటప్పుడు కనపడేలా పెద్దగా రాయించాను.

చివరిగా ఒక్క సంగతి. ఈ జూన్‌లో అడ్మిషన్లప్పుడు ఆ పిల్లవాడి తల్లి నా దగ్గరికి వచ్చింది. కొడుకు టైర్ల దుకాణంలో పని చేస్తున్నాడట, అన్నం తింటున్నాడు, నవ్వుతున్నాడు అని చెప్పింది. చిన్న కూతురును చేర్చడానికి వచ్చింది. ఫారం నింపాక, అమ్మాయిని బయటికి పంపి, గొంతు తగ్గించి, "ఆపా, దీన్ని కూడా వాడి లెక్క చుప్ అయిపోతే నేను ఎవరికి చెప్పాలె?" అని అడిగింది.

నేను ఒక కాగితం మీద 14416 అని రాసి ఇచ్చాను. ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఎవరి నంబరు?"

"సర్కారుది. ఫోన్ చేస్తే మాట్లాడతారు."

"మనిషి పేరేంది?"

పేరు లేదని చెప్పాను. ఆమె కాగితం మడిచి పర్సులో పెట్టుకుంది. గేటు దాకా పోయి వెనక్కి వచ్చింది. "పేరు దొరికినప్పుడు చెప్పండి ఆపా" అని చెప్పి వెళ్లింది.